మొదటి గడి

రుస్తావి కార్ల సంతలో, ఉక్కు ఫ్యాక్టరీ గోడ వెనక
నా కొట్టుకి బోర్డు లేదు.
తాళం పోయినవాళ్లకి దారి ఎవరో ఒకరు చెబుతారు.

జనవరి. జుంబేర్ తన రొట్టెల వ్యానుని
బావమరిది ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చాడు.
స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ పలకదు.
డాష్ మీద చిన్న తాళం బొమ్మ
కన్ను కొడుతూనే ఉంటుంది.

"రెండుండేవి," అన్నాడు.
"ఒకటి మొన్న గాలం వేస్తూ వంగితే మ్త్క్వారి నదిలో పడింది."
రెండోది?
చేతి తొడుగులు విప్పి మళ్లీ తొడుక్కున్నాడు.
"అది మా అన్న ఆమిరాన్ కోటు జేబులో."
కోటు ఎక్కడుందని అడిగాను.
అడగకుండా ఉండాల్సింది.

పెట్టె విప్పాను. కందిబద్దంత చిప్పు, ఎనిమిది కాళ్లు.
క్లిప్పు కరిపించి చదవమన్నాను.
"పూర్తయింది" అంది ప్రోగ్రాము, పచ్చరంగులో.
ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమనే రకం అది.
చూస్తే మొదటి వరస నుంచి చివరి వరస దాకా
ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్.
కాళ్ల మీద లక్క పూత ఉంది మరి.
పళ్ల బ్రష్షు, స్పిరిటు, ఓపిక.

మళ్లీ చదివితే ఏదో వచ్చింది.
ఇంకోసారి చదివితే ఇంకేదో.
ఒక్క సాక్షి, పూటకో వాంగ్మూలం.

తప్పు సాక్షిది కాదు, అడిగే పద్ధతిది.
ఐదు వోల్టులు ఇస్తే పక్కనున్న ప్రాసెసరు
తననే పిలిచారనుకుని లేచి కూర్చుంటుంది,
మాటకి మాట అడ్డొస్తుంది.
మూడు పాయింటు మూడుకి దించాను.
గడియారం వేగం సగం చేశాను, అందులో మళ్లీ సగం.
కుర్రాడు బెకాని పిలిచి
రీసెట్ కాలి మీద సూది పెట్టి పట్టుకోమన్నాను.
"ఊపిరి తీసుకోవచ్చా?"
"మెల్లగా."

ఇప్పుడు ముక్కలు నిలిచాయి గానీ అర్థం నిలవలేదు:
ఊరి పేరు స్తారువి అని రాసినట్టు
ప్రతి జంటా తలకిందులు.
ఎనిమిది బిట్లు తీసి పదహారు పెట్టాను,
జంటల్ని తిప్పాను.
ఛాసిస్ నంబరు తన ఒడ్డూ పొడుగూతో లేచి నిలబడింది.
మూడుసార్లు చదివాను. మూడూ ఒకటే.
అప్పుడు చెప్పాను బెకాకి, ఊపిరి తీసుకోమని.

తాళాలకి ఐదు గడులు. నిండినవి రెండు.
పోయిన తాళాన్ని బతకనివ్వకూడదన్నది మా వృత్తి నీతి.
"నీకు దొరకనిది దొంగకి దొరుకుతుంది" అనేవాడు
నాకు పని నేర్పిన గురామ్.
రెండూ చెరిపి కొత్తది రాయడం రెండు నిమిషాల పని.
నా వేలు మీట మీదే ఉంది.

"ఇందులో ఆమిరాన్‌ది ఏది?" అన్నాడు జుంబేర్
తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి.
ఏది నది, ఏది మట్టి, అంకెల్లో ఎలా తెలుస్తుంది?
"బండితో వచ్చింది వాడిది," అన్నాడు.
"నాది తర్వాత చేయించాం, రొట్టెల బేరం పెరిగాక."

అయితే మొదటి గడి అయ్యుండొచ్చు, అన్నాను.
అయ్యుండొచ్చు అన్న మాట నేను సాధారణంగా వాడను.

రెండో గడిని చెరిపి అందులో కొత్త తాళం రాశాను.
చెరిపింది నదిదే అయితే మంచిదే.
కాకపోతే, ఏ జాలరి వలలోనో
వ్యాను తలుపు తెరిచే ఇనుపముక్క
ఒకటి ఇంకా ఈదుతూ ఉంది.

కొట్టులో ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది,
పొగ సీలింగు దాకా.
జుంబేర్ చాలాసేపు ఆపలేదు.
నేనూ ఆపమనలేదు,
పెట్రోలు అతనిది.

రాత్రి చిట్టా పుస్తకం తీశాను.
వోల్టేజి: మూడు పాయింటు మూడు. వేగం: అతి నెమ్మది.
పదహారు బిట్లు, జంటలు తిప్పాలి.
చివరి రెండు వరసలు ఎప్పుడూ అచ్చువేసే ఉంటాయి, నింపాలంతే:
పనిచేసే తాళాలు: రెండు.
చూపించినవి: ఒకటి.